ఉప్పు మడుల్లో వాడి చూసిన నల్ల కళ్లద్దాలు

చెంపల దాకా చుట్టుకుని, పక్కల నుంచి కూడా వెలుతురు రానివ్వని రకం కళ్లద్దాలు ఇవి. అద్దం పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, రంగు బూడిద, పోలరైజ్డ్, అంటే నీటి మీది మెరుపును తగ్గించే రకం. కాడ లోపలి వైపు యూవీ400 అనీ (400 నానోమీటర్ల దాకా అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుందని), కేటగిరీ 3 అనీ (అద్దం ఎంత నల్లగా ఉందో చెప్పే అంకె) అచ్చు వేసి ఉంది. చీరాలలో ఒక కళ్లద్దాల షాపులో కొన్నాం. జత వెయ్యి రూపాయల లోపే పడింది. పోయిన ఏడాది ఉప్పు సీజన్ నుంచీ మా ఆయన, మా బావగారు, మా తోడికోడలు రోజూ పెట్టుకుంటున్నారు. బ్రాండు పేరు రాయడం లేదు. ఇదే రకం అద్దాలు చాలా పేర్లతో వస్తాయి. ఏం చూసి కొనాలో తెలిస్తే పేరుతో పని ఉండదు.

మాది చినగంజాం. 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చాం, అంతకుముందు ప్రకాశం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మెట్టినింటివాళ్లవి ఉప్పు మడులు. అందుకే ఈ కళ్లద్దాలను నేను ఇద్దరు మనుషులుగా చూశాను. ల్యాబ్‌లో పరీక్ష పెట్టే టీచరుగా ఒకసారి, సాయంత్రం ఎర్రటి కళ్లతో ఇంటికి వచ్చేవాళ్లకు నీళ్లు అందించే మనిషిగా రోజూ.

ముందు ఎండ సంగతి చెప్పాలి, లేకపోతే వీటికి ఇంత డబ్బు ఎందుకు పెట్టాలో అర్థం కాదు. మన వైపు ఎండ అనగానే రెండే భయాలు. మే నెలలో వడదెబ్బ, మిగతా రోజుల్లో నల్లబడిపోతామని బెంగ. వడదెబ్బ ప్రాణం తీస్తుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది వేడి చేసే పని. ఏళ్ల తరబడి మెల్లగా ఒంటిని పాడు చేసేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అవి చురుక్కుమనవు, కంటికి కనపడవు. జనవరిలో మడులు కట్టడం మొదలుపెట్టే రోజుల్లో గాలి చల్లగా ఉంటుంది, తలకు తువ్వాలు చుట్టుకోవాలని కూడా ఎవరికీ అనిపించదు. ఆ రోజుల్లో కూడా మబ్బు లేని మధ్యాహ్నం మన తీరంలో యూవీ ఇండెక్స్, అంటే యూవీ తీవ్రతను చెప్పే అంకె, 6 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 3 నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మనకు 11 దాటుతుంది, ఆ పైన ఇక గీత లేదు, దాన్ని తీవ్రాతి తీవ్రం అంటారు. పల్చటి మబ్బు పట్టినా ఆ కిరణాల్లో ఎక్కువ భాగం కిందికి వచ్చేస్తుంది.

మన ఒంటి రంగు మనల్ని కొంత కాపాడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనలో ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లలా మనం ఎండకు ఎర్రగా కమిలిపోం, చర్మ క్యాన్సర్ కూడా మనలో వాళ్లకంటే చాలా తక్కువ. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు వచ్చేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ తేలుతుందని అక్కడి లెక్క. ఆ ప్రమాదం మనకు అంతగా లేకపోవడం నిజంగా అదృష్టమే. అయితే తోలు కింద జరిగే పని మాత్రం మనలోనూ జరుగుతుంది. చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచే పోగుల్ని యూవీలో యూవీఏ అనే రకం కిరణాలు ఏళ్ల తరబడి తెంచుతాయి. మా బావగారి మెడ వెనక భాగం చూస్తే ఆయన వయసుకు పదేళ్లు కలిపి చెప్పాలి. అదే మనిషి పొట్ట మీద చర్మం కుర్రాడి చర్మంలా ఉంటుంది. బుగ్గల మీద మంగు మచ్చలు మా వీధిలో సగం మంది ఆడవాళ్లకు ఉన్నాయి. మంగుకు ఎండ ఒక్కటే కారణం కాదు, కాన్పులూ హార్మోన్లూ కూడా. కానీ ఎండ తగిలినప్పుడల్లా అది ముదురుతుంది, ఏ క్రీము రాసినా తిరిగి వస్తుంది.

ఇక కన్ను. కంటికి మెలనిన్ రక్షణ అంతగా అందదు, మన దగ్గర అసలు నష్టం అక్కడే అని నా గట్టి నమ్మకం. మా తోడికోడలికి కుడికంట్లో ముక్కు వైపు కండ పెరిగింది. డాక్టర్లు టెరీజియం అంటారు. తెల్లగుడ్డు మీద ఎర్రటి రెక్కలా మొదలై నల్లగుడ్డు వైపు పాకుతుంది. మంట, నీళ్లు కారడం, ఇసుక పడ్డట్టు గరగర. నల్లగుడ్డు మధ్య దాకా పాకితే చూపే తగ్గుతుంది. మా మామయ్యగారికి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఊళ్లో ఉప్పు పని చేసినవాళ్ల ఇళ్లలో ఈ రెండు మాటలూ వినని ఇల్లు ఉండదు. అందరూ వయసు అంటారు, ఉప్పు గాలి అంటారు. గాలి, దుమ్ము కూడా కారణాలే, కాదనను. కానీ కండ విషయంలో పెద్ద వాటా ఎండదే, శుక్లాలకు వయసుతో పాటు ఎండ కూడా ఒక కారణం. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో 10 వేల మందికి పైగా కళ్లు పరీక్ష చేశారు. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగిన పని అది. కంట్లో కండ పెరగడం పల్లెల్లో, ఆరుబయట పని చేసేవాళ్లలో ఎక్కువని అందులో తేలింది.

శుక్లాలకు సంబంధించి నాకు బాగా గుర్తుండిపోయిన అధ్యయనం అమెరికాలోని చెసపీక్ అఖాతంలో చేపలూ పీతలూ పట్టేవాళ్ల మీద చేసింది. 1988లో అచ్చయింది. 838 మంది మీద జీవితకాలంలో ఎంత యూవీబీ (యూవీలో ఇంకో రకం) పడిందో ఒక్కొక్కరి పని చరిత్ర అడిగి, టోపీ పెట్టేవాడా, కళ్లద్దాలు పెట్టేవాడా అని కూడా లెక్కలోకి తీసుకుని కట్టారు. ఆ మొత్తం రెట్టింపైతే ఒక రకం శుక్లం వచ్చే ప్రమాదం 60 శాతం పెరిగింది. ఎండ అంటే కంటికి ఖాతా పుస్తకం లాంటిదని మా పిల్లలకు చెబుతుంటాను. ఏ రోజు పడ్డది ఆ రోజుకు చెరిగిపోదు, కూడుతూ పోతుంది.

ఇప్పుడు ఈ అద్దాల ఆకారం ఎందుకు ముఖ్యమో చెప్తాను. కండ ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు పెరుగుతుందనే ప్రశ్నకు సిడ్నీకి చెందిన కంటి డాక్టర్ మినాస్ కొరోనియో ఇచ్చిన వివరణ నాకు చాలా అందంగా అనిపిస్తుంది. చెంప వైపు నుంచి ఏటవాలుగా వచ్చిన కిరణాన్ని కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, భూతద్దంలా వంచి తీసుకెళ్లి అవతలి అంచున, అంటే ముక్కు వైపు, ఒక్క చోట గుచ్చుతుంది. అక్కడ తీవ్రత 20 రెట్ల దాకా పెరగొచ్చు. అంటే ముందు ఎంత నల్లటి అద్దం పెట్టినా పక్కల సందు తెరిచి ఉంటే, నష్టం చేసే కిరణం వచ్చే దారి తెరిచినట్టే. ఫ్యాషన్ కోసం అమ్మే చిన్న గుండ్రటి నల్లద్దాలు, సన్నటి కాడలవి మడుల్లో పనికిరావని నేను చెప్పేది ఇందుకే. ఈ జత కాడలు రెండు వేళ్ల వెడల్పు ఉన్నాయి, అద్దం చెంప దాకా తిరిగి వస్తుంది. ముఖానికి ఆనుకుంటుంది. అందానికి మార్కులు తక్కువే, ఆ సంగతి మా బావగారు మొదటి రోజే చెప్పేశారు.

ఇంకో సంగతి. ఉప్పు గీకడం, కుప్ప పోయడం తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది. మళ్లీ సాయంత్రం ఎండ దిగాక వెళ్తారు. మధ్యాహ్నం ఎండను తప్పించుకున్నాం కదా అని అందరి ధీమా. ఒంటికి అది సరైన పద్ధతే. కంటి లెక్క వేరు. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు కనుబొమ్మ ఎముక, రెప్పలు కంటికి చూరులా అడ్డం ఉంటాయి. సూర్యుడు వాలి ఉన్నప్పుడు కిరణం నేరుగా కంట్లోకి వస్తుంది. జపాన్‌లో బొమ్మ తల కళ్లల్లో సెన్సార్లు పెట్టి కొలిస్తే, సూర్యుడి వైపు తిరిగి ఉన్న కంటికి ఎక్కువ యూవీ అందింది మిట్టమధ్యాహ్నం కాదు, ఉదయం 8 నుంచి 10 మధ్య, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య. మావాళ్లు మడుల్లో ఉండే వేళల్లో చాలా భాగం వీటికి దగ్గరే. దానికి తోడు కింద తెల్లటి ఉప్పు, పక్కన నీటి మెరుపు. మామూలు పచ్చిక నేల యూవీని పదోవంతు కూడా వెనక్కి కొట్టదు. పొడి ఇసుక 15 శాతం, సముద్రపు నురుగు 25 శాతం, కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా కొడతాయి. తెల్లదనం పెరిగేకొద్దీ ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. తువ్వాలు, తలపాగా, కొంగు వీటిలో ఏదీ కింది నుంచి వచ్చే వెలుతురును ఆపదు.

కొనే ముందు నేను పెట్టిన పరీక్ష ఎవరైనా చేయొచ్చు. 365 నానోమీటర్ల యూవీ టార్చి ఒకటి, కొత్త 500 రూపాయల నోటు ఒకటి కావాలి. చీకటి మూలన నోటు మీద టార్చి వేస్తే నంబర్ల దగ్గర, దారాల దగ్గర మెరుపు కనిపిస్తుంది. టార్చికీ నోటుకీ మధ్య కళ్లద్దం అడ్డం పెట్టండి. నోటును అద్దంలోంచి కాదు, పక్క నుంచి చూడండి. మెరుపు ఆరిపోతే అద్దం యూవీని ఆపుతోందని అర్థం. ఈ జత పెడితే నోటు పూర్తిగా ఆరిపోయింది. మా ల్యాబ్‌లో పిల్లలు ఇళ్లలోంచి తెచ్చిన నల్లద్దాలన్నీ ఇలాగే చూశాం. రోడ్డు పక్కన కొన్నవాటిలో కొన్ని పాసయ్యాయి, కొన్ని కాలేదు. ఆన్‌లైన్‌లో ఒకచోట యూవీ400 అని రాసి అమ్మిన జత ఫెయిలైంది. ల్యాబ్‌లో ప్రయోగాల కోసం ఉన్న తెల్లటి పాలికార్బొనేట్ రక్షణ అద్దాలు, రంగే లేనివి, చక్కగా పాసయ్యాయి. నలుపుకూ రక్షణకూ సంబంధం లేదని ఆ రోజు పిల్లలకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంకా చెప్పాలంటే యూవీ ఆపని నల్లద్దం, అద్దం లేకపోవడం కంటే చెడ్డది కావచ్చు. చీకటిగా ఉంది కదా అని కంటిపాప విచ్చుకుంటుంది, ఆ విచ్చుకున్న దారిలోంచి యూవీ లోపలికి పోతుంది.

ఒక జాగ్రత్త. షాపుల్లో 395 నానోమీటర్ల చవక టార్చితో చూపిస్తారు. అది యూవీ గీతకు మరీ అంచున ఉంటుంది, దాంతో తేల్చుకోవద్దు. మేం కొన్న షాపులో చిన్న మీటరు కూడా ఉంది, అద్దం పెడితే శాతం చూపిస్తుంది. అడగకముందే షాపతను పెట్టి చూపించాడు, ఆ ఒక్క పనికే నేను ఆ షాపును మెచ్చుకుంటాను.

వాడకంలో ఎలా ఉందో చెప్తాను. పోలరైజ్డ్ కావడం వల్ల నీటి మీద మెరుపు బాగా తగ్గింది. మావాళ్లందరూ మొదట చెప్పింది ఇదే. మధ్యాహ్నానికి తలనొప్పి రావడం మా తోడికోడలికి తగ్గిపోయింది. మామూలుగా నేను మందుల గురించైనా వస్తువుల గురించైనా ఇంత తొందరగా గుణం కనిపించిందంటే నమ్మను, కానీ కళ్లు చికిలించుకుని రోజంతా పని చేస్తే తలనొప్పి రావడం, చికిలించడం ఆగితే తగ్గడం సహజమే. బూడిద రంగు అద్దం తీసుకోమని నేనే పట్టుబట్టాను. గోధుమ రంగు అద్దం ఉన్న రంగుల్ని మారుస్తుంది. మడిలో నీళ్లు ముదిరి ఎరుపు తిరిగే వేళ ఏ మడి ఉప్పు కట్టడానికి ఎంత దూరంలో ఉందో మా ఆయన కంటితోనే చూసి చెబుతారు. నీటి చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెట్టి 25 డిగ్రీల బోమె (ఆ చిక్కదనం కొలత) వచ్చిందా అని చూడటం తర్వాత. బూడిద అద్దంలోంచి ఆ రంగు తేడా తెలుస్తోందని ఆయన అన్నారు. మొదటి వారం మాత్రం నీళ్ల మెరుపు లేకపోవడంతో లోతు అంచనా తప్పుతోందని మాటిమాటికీ తీసి చూసేవారు, తర్వాత అలవాటైంది.

లోపాలు ఉన్నాయి. చెమట. ఏప్రిల్ వచ్చేసరికి అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది, ముఖానికి ఆనుకునే రకం కాబట్టి తప్పదు. నుదుటికి పల్చటి నూలు గుడ్డ పట్టీ కట్టుకుంటే చాలా వరకు ఆగుతోంది. మరలు ఉప్పు గాలికి తుప్పు పట్టాయి. మా బావగారి జతలో కాడ ఊడి వచ్చింది, షాపులో స్టీలు మర వేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. కొనేటప్పుడే మరలు మార్పించుకోండి, లేదా మర లేకుండా ప్లాస్టిక్ కీలు ఉన్నది అడగండి. గీతలు పడటం ఇంకో పెద్ద ఇబ్బంది. ఉప్పు పొడి ఉన్న అద్దాన్ని చీర కొంగుతోనో లుంగీ అంచుతోనో తుడిస్తే ఉప్పు రవ్వలే గరుకు కాగితం అవుతాయి. ముందు మంచినీళ్లు పోసి కడగాలి, తర్వాతే తుడవాలి. మా ఆయన ఫోన్ చూడాలంటే తల వంచి అటూ ఇటూ తిప్పాలి, కొన్ని ఫోన్ల తెరలు పోలరైజ్డ్ అద్దంలోంచి ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి. మడుల్లో ఉన్నప్పుడు ఫోన్ చూడకపోవడమే మేలని నా అభిప్రాయం, అది వేరే సంగతి.

పవర్ అద్దాలు ఉన్నవాళ్లకు వాటి మీదే పెట్టుకునే పెద్ద రకం ఉంది. మా ఆయనది అదే. బరువు ఎక్కువ, సాయంత్రానికి చెవుల వెనక నొక్కుకుని ఎర్రబడుతుంది. పవర్‌తోనే చేయించుకుంటే నయం, కానీ ధర మూడు నాలుగు రెట్లు అవుతుంది, ఉప్పు రేటు ఉన్న పరిస్థితిలో అది అందరికీ చెప్పే సలహా కాదు. ఇవి కేటగిరీ 3 కాబట్టి పగలు బండి నడపడానికి పరవాలేదు, సాయంత్రం చీకటి పడ్డాక తీసేయాల్సిందే. కేటగిరీ 4 అని మరీ నల్లటివి దొరుకుతాయి, వాటితో బండి నడపకూడదు.

కళ్లద్దాలు కొన్నాం కదా అని టోపీ మానొద్దు. చుట్టూ అంచున్న టోపీ ఒక్కటే కంటి మీద పడే యూవీని సగం దాకా తగ్గిస్తుంది. తలపాగాకు అంచు లేదు, అది తలను కాపాడుతుంది గానీ చెవుల్నీ మెడనూ కంటినీ కాదు. మా తోడికోడలు, ఆవిడతో పని చేసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. చర్మానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు. సన్‌స్క్రీన్ గురించి అడుగుతారని రాస్తున్నాను. స్కూలుకు వెళ్లేటప్పుడు ముఖానికీ మెడకూ నేను రాసుకుంటాను, నాకు మంగు ఉంది కాబట్టి. మడుల్లో పని చేసేవాళ్లకు అది కుదరదు. ట్యూబు మీద రాసిన రక్షణ రావాలంటే చాలా మందంగా రాయాలి, రెండు గంటలకోసారి, చెమట పడితే ఇంకా ముందే మళ్లీ రాయాలి. ఆ ఖర్చుతో ఏడాదికి సరిపడా చొక్కాలు వస్తాయి.

ఈ అద్దాలు చేయలేనిది కూడా చెప్పాలి. ఇప్పటికే పెరిగిన కండను ఇవి కరిగించవు. మా తోడికోడలి కంట్లో కండ అలాగే ఉంది, మంట తగ్గింది అంతే. పోయిన సంక్రాంతికి కంటి డాక్టరు చూసి పెద్దగా పాకలేదు, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. కండ తీసి ఊరికే వదిలేస్తారా, లేక అదే కంటి పైపొర ముక్క తీసి అక్కడ అతికిస్తారా అని. ఊరికే వదిలేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది, అతికిస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత మళ్లీ అదే మడుల్లోకి వెళ్లే మనిషికి ఈ అద్దాలు ఇంకా ఎక్కువ అవసరం.

ఎవరు కొనాలి అంటే ఉప్పు పనివాళ్లు, వేట మీద సముద్రానికి వెళ్లేవాళ్లు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లు, రోజంతా బండి మీద డెలివరీ చేసే కుర్రాళ్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు ఉప్పు పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకూ ఇదే మాట. ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఇంత చుట్టుకునే రకం అక్కర్లేదు, యూవీ400 ఉన్న మామూలు అద్దం, టోపీ చాలు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి తగ్గించింది మరలు తుప్పు పట్టినందుకు కాదు, పిల్లల సైజు లేనందుకు. చిన్నపిల్లల కంటి లెన్సు పెద్దవాళ్లదానికంటే స్వచ్ఛంగా ఉంటుంది, అందుకే ఎక్కువ యూవీ లోపలికి పోతుంది. వాళ్లకే ముందు దొరకాలి. మేం కొన్న షాపులో పిల్లలవి అని చూపించినవన్నీ బొమ్మలున్న రంగురంగుల ప్లాస్టిక్, నోటు పరీక్షలో ఒక్కటీ నిలవలేదు. సెలవుల్లో మా బావగారి మనవరాలు మడుల గట్టు మీదే ఆడుకుంటుంది. చిన్న సైజులో యూవీ400 ఉన్నవి తెప్పించమని షాపతనికి చెప్పి వచ్చాను, వేసవి సెలవుల్లోపు తెప్పిస్తానన్నాడు. ఒంగోలులో గానీ గుంటూరులో గానీ అలాంటివి ఎవరికైనా దొరికితే ధరతో సహా కింద రాయండి.